అద్దె తొర్రలో కాళ్ళు చాపరాదు

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. ఆ చెట్టుకొక పెద్దమనిషి ఉండేవాడు. మనిషంటే మనిషి కాదు లెండి, ఎలుగుబంటి. పేరు భూషణంగారు. 'గారు' తీసేస్తే పలికేవారు కాదు గనక మనమూ గారనే అందాం, మన సొమ్మేం పోయింది!

ఆ చెట్టు ఆయన నాటిందీ కాదు, నీళ్ళు పోసి పెంచిందీ కాదు. ఒకరోజు వీపు దురదపెడితే వచ్చి దాని మానుకి రుద్దుకుని, పోతూ పోతూ గోళ్ళతో నాలుగు గీతలు గీశారు. ఆ అడవిలో గోరు గీసినవాడిదే చెట్టు. చట్టం అంత సులువుగా ఉంటే ఆస్తులు ఎందుకు కూడవు చెప్పండి?

చెట్టు నిండా తొర్రలే. ఒక్కదాన్లోనూ భూషణంగారి ముంజేయి పట్టదు. ఆయన కాపురం పక్కనే ఉన్న రాతిగుహలో. అయినా చెట్టు ఆయనదే, తొర్రలూ ఆయనవే, తొర్రల్లోవాళ్ళు అద్దెకింద తెచ్చిచ్చే పళ్ళూ కాయలూ ఆయనవే.

ఆ ఏడు వేసవిలో అడవికి అవతలివైపు కార్చిచ్చు రేగింది. గూళ్ళు, పొదలు, తొర్రలు కాలిపోయి సగం అడవి నిలవనీడ లేకుండా అయిపోయింది. ఇవతలివైపు చెట్లున్న పెద్దలందరూ "పాపం, పాపం" అన్నారు. అంటూనే అద్దెలు పెంచారు.

అలా తొర్ర వెతుక్కుంటూ వచ్చినవాళ్ళలో ముత్యాలు అనే ఉడుత ఒకతి. వెంట మొగుడు సన్యాసి. పేరుకి తగ్గట్టే అతను దేనికీ తగాదా పడడు. "పోనీలే ముత్యం, ఎందుకొచ్చిన గొడవ" అన్నది అతని తారకమంత్రం. ముత్యాలు నోట కరుచుకుని ఒక చిన్న తోరణం తెచ్చుకుంది. ఎర్రటి గురివింద గింజలు గుచ్చిన తోరణం. కాలిపోయిన చెట్టులో వాళ్ళమ్మ గుమ్మానికి వేలాడుతుండేది. మంటల్లోంచి ముత్యాలు తెచ్చుకోగలిగింది అదొక్కటే. అమ్మని తెచ్చుకోలేకపోయింది.

ముత్యాలు కడుపుతో ఉంది. ఉడుత పిల్లలు కళ్ళు మూసుకుని పుడతాయి. వానలు మొదలయ్యేలోపు తడవని చోటు ఒకటి దొరికి, పిల్లలు కళ్ళు తెరిచేదాకా ఎవరూ లేవగొట్టకుండా ఉంటే చాలు. ఆమె కోరిక అంతకుమించి ఏమీ లేదు.

భూషణంగారు ఆమెని ఎగాదిగా చూసి ముందు చారలు లెక్కపెట్టారు.

"మూడు చారలవాళ్ళేనా? అయిదు చారలవాళ్ళకి మేం ఇవ్వం. పట్టింపని కాదు, ఏదో మా పెద్దలనాటి నుంచీ అలవాటు."

"మూడేనండీ," అంది ముత్యాలు.

"మాంసం గీంసం?"

"ముట్టుకోమండీ."

"సంతోషం. మాదీ శాకాహారమే," అన్నారు భూషణంగారు, మూతికంటిన చెదపురుగుని నాలుకతో లోపలికి లాక్కుంటూ. పుట్టలో ఉన్నదేదైనా దుంపకిందే లెక్క అని ఆయన నమ్మకం.

ఆ తర్వాత నియమాలు చెప్పారు. బెరడు గీరకూడదు. గోడకి కంత పెట్టకూడదు. చుట్టపక్కాలొస్తే పొద్దు గూకేలోపు వెళ్ళిపోవాలి. కొమ్మల మీద గెంతకూడదు.

"గెంతకపోతే మేం ఎలా తిరుగుతామండీ?" అంది ముత్యాలు.

"నడవండి. నేను నడవడం లేదూ?"

"పోనీలే ముత్యం, నడుద్దాం," అన్నాడు సన్యాసి. బేరం కుదిరింది.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఆ అడవిలో సింహం చట్టానికైనా మినహాయింపులున్నాయి గానీ చుట్టం ధర్మానికి లేవు. ఎప్పుడో పెద్ద కరువులో ఒకరినొకరు పీక్కుతినకుండా పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు అది. చుట్టమై గుమ్మంలోకి వచ్చినవాళ్ళని కూర్చోమనాలి. ఉన్నది పెట్టాలి. "ఎప్పుడు వెళ్తారు?" అని మాత్రం చచ్చినా అడక్కూడదు. ఆడకూతురు చుట్టమై వచ్చి ఉండగా నొప్పులొస్తే, పురుడు పోసి, పిల్లలు కళ్ళు తెరిచాక సారె పెట్టి మరీ సాగనంపాలి.

ఈ విషయంలో భూషణంగారికి వంశగర్వం జాస్తి. "మా ముత్తాతగారి నాటి నుంచీ మా గుహలో చుట్టం పస్తున్నది లేదు," అని కనపడ్డవాడికల్లా చెప్పేవారు. నిజమే. ఆ గుహకి చుట్టాలంటూ ఎవరైనా వస్తే కదా, పస్తుండడానికి!

సరే, ముత్యాలు తొర్రలోకి దిగింది. లోపల గబ్బిలాల కంపు. ముందున్నవాళ్ళు వదిలేసిన చెత్త, పైనుంచి కారిన నీటి చారికలు. సన్యాసి ముక్కు మూసుకుని, "ఎన్నాళ్ళుంటాంలే ముత్యం, అద్దె కొంపేగా," అన్నాడు.

"అద్దె తొర్రకండీ, బతుక్కి కాదు," అంది ముత్యాలు, నడుం బిగించి.

వేపాకుతో గోడలు రుద్దింది. కారే చోట తుమ్మబంక మెత్తింది. బూరుగుకాయల దూది మోసుకొచ్చి మెత్తగా పరిచింది. ఏటి ఒడ్డు నుంచి నున్నటి గులకరాయి తెచ్చి గుమ్మంలో పెట్టింది. కంత పెట్టకూడదన్నారు గనక, పాత కొమ్మ విరిగిన మొట్టు ఒకటుంటే దానికి అమ్మ తోరణం తగిలించింది. ఆ తోరణం గాలికి కదిలినప్పుడల్లా గింజలు గలగలమనేవి. ఆ చప్పుడుకి ముత్యాలుకి మొదటిసారి కడుపునిండా నిద్రపట్టింది.

ఒక సాయంత్రం పనంతా తెమిలాక దూదిలో వెనక్కి వాలి, కాళ్ళు బారజాపి, తోక కడుపు మీద కప్పుకుని, ఏదో కూనిరాగం తీస్తూ అంది: "ఏవండీ, ఇప్పుడు మన ఇల్లులా లేదూ?"

సరిగ్గా అదే సమయానికి కింద భూషణంగారు వీపు రుద్దుకుంటున్నారు. 'మన ఇల్లు' అన్న మాట చెవినబడేసరికి రుద్దడం ఆపేశారు. తల పైకెత్తి చూస్తే గుమ్మంలోంచి రెండు చిన్న పాదాలు బయటికి చాచి ఉన్నాయి, హాయిగా వేళ్ళు ఆడిస్తూ.

ఆయన గుహకి వెళ్ళి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"ఏమైందండీ?" అన్నారు ఆయన భార్య సూరమ్మగారు.

"మన చెట్టు మీద కూర్చుని మన ఇల్లు అంటోందే ఆవిడ! కాళ్ళు చాపుకుని మరీ!"

"అనుకోనిద్దురూ. పాపం, తొర్ర ఎంత కళగా పెట్టుకుందో చూశారా?"

"అదేనే నా బాధ! గబ్బు కొడుతుంటే ఎవరికి వాళ్ళే పోతారు, కొత్తవాళ్ళకి అద్దె పెంచి ఇచ్చుకుంటాం. కళకళ్ళాడే తొర్ర వదిలి ఎవరు పోతారు? ఆవిణ్ణి చూసి పక్క తొర్ర గోరింకలు కూడా ఈకలు పరుచుకుంటున్నాయి. రేపు చెట్టు నాదేనా అని నేనే అడగాల్సొస్తుంది."

మర్నాడే చెట్ల యజమానుల సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కార్యదర్శి నక్క పరమేశం. ఆయనకి చెట్లు లేవు గానీ బొరియలున్నాయి, వాటిలో కుందేళ్ళు అద్దెకుంటున్నాయి. తనిఖీ అధికారి తొండ తిరపతి. ఎవరేం చెప్పినా తలూపుతాడు. ఆ ఒక్క అర్హత చూసే ఉద్యోగం ఇచ్చారు. అధ్యక్షుడు తాబేలు తాతగారు. అద్దెకున్నవాళ్ళ కష్టాలు తెలిసినవాళ్ళు ఒకరుండాలి కదా అని ఆయన్ని పెట్టారు. పుట్టినప్పటినుంచీ సొంతిల్లు వీపు మీద మోస్తున్న జీవి. అద్దె బాధలు అంత నిష్పక్షపాతంగా ఇంకెవరు చూడగలరు!

నక్క పరమేశం గొంతు సవరించుకున్నాడు. "అధ్యక్షా! మనం అద్దెకిచ్చింది తొర్ర. అంతవరకే. సొంతింటి భావన మనం అద్దెకివ్వలేదు. దాన్ని వీళ్ళు అక్రమంగా అనుభవిస్తున్నారు."

తొండ తలూపాడు.

"నా చెట్టు మీద కాళ్ళు చాపారండీ," అన్నారు భూషణంగారు. "నేనింకా బతికుండగానే!"

"కాళ్ళు లోపలికి ముడుచుకుంటే ఏ గొడవా ఉండదే," అన్నారు తాబేలు తాతగారు. "నేనెప్పుడూ అంతే చేస్తాను. మరి అద్దెకున్నవాళ్ళు ఎలా ఉండాలంటారు?"

"చుట్టాల్లా ఉండాలండీ!" భూషణంగారు లేచి నిలబడ్డారు. ఆవేశం వస్తే ఆయన రెండు కాళ్ళ మీద నిలబడతారు. "చుట్టం ఎక్కడైనా కాళ్ళు చాపుతాడా? గోడకి తోరణం కడతాడా? వంచిన తల ఎత్తకుండా ఓ మూల కూర్చుంటాడు. ఇవాళ్టి నుంచీ నా చెట్టు మీద అద్దెకున్న ప్రతివాళ్ళూ నాకు చుట్టాలే. సొంతవాళ్ళు కాదు, చుట్టాలు! ఇలాగే అందరి చెట్లకీ, అందరి బొరియలకీ తీర్మానం చెయ్యండి!"

చప్పట్లు మోగాయి. తీర్మానం నెగ్గింది. తొండ ఇంకా తలూపుతూనే ఉన్నాడు.

వడ్రంగిపిట్ట చెట్టుచెట్టుకీ వెళ్ళి మానుమీద టకటకా దండోరా వేసింది: "ఇందుమూలంగా యావన్మంది జంతుజాలానికీ తెలియజేయడమేమనగా! అద్దెకున్నవారు తమను చుట్టములుగా భావించుకొని, చుట్టములుగానే మెలగవలెను! సొంతింటి భావన కలిగియుండరాదు! కలిగియున్నవారు తొలివాన పడులోపల ఖాళీ చేయవలెను! టక్ టక్ టక్!"

వెంటనే తనిఖీలు మొదలయ్యాయి. తొండ తిరపతి ముత్యాలు తొర్రలోకి పాక్కుంటూ వచ్చి అటూ ఇటూ చూశాడు.

"ఈ దూది ఏమిటమ్మా?"

"పడుకోవడానికండీ."

"చుట్టాలు నేలమీద సర్దుకుంటారు. ఈ రాయి?"

"అందంగా ఉంటుందని."

"చుట్టానికి అందమెందుకు? ఈ తోరణం?"

తొండ తోరణం లాగాడు. దూది, రాయి, తోరణం అన్నీ మూటగట్టించి భూషణంగారి గుహ చేర్చాడు. "నాదేముంది తల్లీ, పైనుంచి ఎలా చెబితే అలా," అంటూ వెళ్ళిపోయాడు. పోయేటప్పుడు కూడా తలూపుతూనే పోయాడు.

ముత్యాలు వట్టి చెక్క మీద కూలబడి ఏడ్చింది. తోరణం కోసం ఏడ్చింది, అమ్మ కోసం ఏడ్చింది. కడుపులో పిల్లలు కదులుతుంటే వాళ్ళకి ఏం చెప్పాలో తెలీక ఏడ్చింది. కొండమీద మబ్బు నల్లగా దిగుతోంది.

"పోనీలే ముత్యం," అన్నాడు సన్యాసి.

"ఎక్కడికి పోను? ఏం పోనీలే? మీ పోనీలే మండ!" అంది ముత్యాలు. సన్యాసి మీద ఆమెకి అంత కోపం రావడం అదే మొదలు. పాపం, తోక ముడుచుకుని కూర్చున్నాడు.

ఇంతలో వడ్రంగిపిట్ట మళ్ళీ వచ్చింది. దండోరా రెండోసారి వెయ్యాలని నియమమట. "చుట్టములుగా భావించుకొని, చుట్టములుగానే మెలగవలెను! టక్ టక్!"

ముత్యాలు ఏడుపు మధ్యలో ఆగిపోయింది.

"ఏవండీ, మనల్ని ఎలా ఉండమంటున్నారు?"

"చుట్టాల్లా."

"చుట్టాలు తొర్రల్లో ఉంటారా ఎక్కడైనా?" ముత్యాలు కళ్ళు తుడుచుకుంది. "చుట్టాలు ఇంట్లో ఉంటారు. లేవండి. మొహం కడుక్కోండి. బాబాయిగారింటికి వెళ్దాం."

"ఏ బాబాయిగారు?"

"ఇంకెవరు? భూషణం బాబాయిగారు."

మర్నాడు తెల్లారేసరికి ఇద్దరూ గుహ గుమ్మంలో ఉన్నారు. "పిన్నిగారూ! బాగున్నారా? బాబాయిగారేరీ? చిక్కిపోయారేమిటండీ బాబాయిగారూ, ఒంట్లో బాగుంటోందా?" అంటూ లోపలికొచ్చి, కాళ్ళు ముడుచుకుని, వినయంగా ఓ మూల కూర్చున్నారు.

భూషణంగారు తెల్లబోయారు. "ఏమిటమ్మా, అద్దెపళ్ళు తెచ్చారా?"

"చుట్టం దగ్గర అద్దె తీసుకుంటారా బాబాయిగారూ? మీ పరువేం కాను!" అంది ముత్యాలు. "నిన్న దండోరా విన్నాం. మమ్మల్ని చుట్టాలన్నారట. ఈ రోజుల్లో అంత మాట ఎవరంటారండీ? వినగానే మనసాగలేదు, వచ్చేశాం."

సూరమ్మగారు మొగుడి వైపు చూశారు. మొగుడు పైకప్పు వైపు చూశారు. ఇక చేసేదేముంది? ఆవిడ దొప్పలో తేనెనీళ్ళు తెచ్చారు.

"ఎందుకండీ పిన్నిగారూ, వద్దు, ఇప్పుడే తాగి వచ్చాం," అంది ముత్యాలు.

"వద్దంటోందిగా, తీసుకుపో," అన్నారు భూషణంగారు ఆశగా.

"ఊరుకోండి! మొదటిసారే తీసుకుంటారా ఎవరైనా?" అని సూరమ్మగారు కసిరి, రెండోసారి బతిమాలారు, మూడోసారి ఒట్టు పెట్టారు. అప్పుడు గానీ ముత్యాలు దొప్ప అందుకోలేదు. అందుకున్నాక రెండు దొప్పలు తాగింది. కడుపుతో ఉన్న మనిషి.

మధ్యాహ్నం తునికిపళ్ళు పెట్టారు. సాయంత్రం ఇప్పపువ్వు పెట్టారు. చీకటిపడినా చుట్టాలు లేవలేదు. లెమ్మని అడిగే వీలు లేదు. పడుకోవడానికి భూషణంగారి గడ్డిపరుపే వేయాల్సి వచ్చింది. ఆయన రాతి మీద పడుకుని ముత్తాతగారిని తలుచుకున్నారు.

ఇలాంటి కబురు చెట్టెక్కకుండా ఉంటుందా? మర్నాడు గోరింకలు పిల్లా జెల్లాతో దిగాయి. "పెద్దనాన్నగారూ" అంటూ మీదెక్కి కూర్చున్నాయి. ఆ వెనక పైకొమ్మ తొర్రలో ఉండే ముసలి పునుగుపిల్లి వచ్చింది. అది ప్రతిదానికీ వంక పెట్టే చుట్టం. అలాంటి చుట్టం ఒకరు లేకపోతే అది చుట్టరికమే కాదు.

"తేనెలో పస లేదు సూరమ్మా," అంది. "మా మేనమామ ఇంట్లో తేనె నాకితే నాలిక్కి అంటుకుని వచ్చేది కాదు. పోనీలే, మీ తాహతుకి మీరు పెడుతున్నారు."

భూషణంగారు పళ్ళు కొరుక్కున్నారు. వానాకాలానికని దాచుకున్న తేనెపట్లు ఒక్కొక్కటీ కరుగుతున్నాయి. గుహంతా చుట్టాలే. అందరూ గోడవారన కాళ్ళు ముడుచుకుని, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, ఎంతో మర్యాదగా కూర్చున్నారు. ఒక్కరంటే ఒక్కరు కాళ్ళు చాపలేదు. తీర్మానాన్ని అంత భక్తిగా పాటించిన ప్రజలు ఏ అడవిలోనూ ఉండరు. ఆ మూలా ఈ మూలా చుట్టాలు నిండిపోతే, కాళ్ళు చాపుకోవడానికి భూషణంగారికే చోటు లేకపోయింది.

"చుట్టాల్లా ఉండాలన్నారుగా," అన్నారు సూరమ్మగారు, దొప్పలు కడిగి కడిగి చేతులు నానిపోయి. "ఉన్నారు. కళ్ళు చల్లబడ్డాయా?"

మిగతా పెద్దల సంగతీ అంతే. అందరికన్నా ఘోరం నక్క పరమేశం పరిస్థితి. బొరియల్లోని కుందేళ్ళు "మావయ్యా" అంటూ వచ్చి కూర్చున్నాయి. చుట్టాన్ని తినకూడదు. బొద్దుగా నిగనిగలాడుతున్న కుందేళ్ళని వరసగా కూర్చోబెట్టి, నోరూరుతుంటే మింగుకుంటూ, కొసరి కొసరి దుంపలు వడ్డిస్తున్నాడు. అంత నరకం పగవాడికి కూడా వద్దు.

భూషణంగారు పరుగున తాబేలు తాతగారి దగ్గరికి వెళ్ళారు. "తాతగారూ, ఆ తీర్మానం రద్దు చేసెయ్యండి."

"తప్పకుండా. రద్దుకి సభ పెట్టాలి."

"పెట్టండి!"

"సభకి సభ్యులు రావాలి."

"పిలవండి!"

"పిలిచాను నాయనా. అందరూ ఇళ్ళల్లో చుట్టాలకి వడ్డనలో ఉన్నారట. వడ్డన మధ్యలో లేవకూడదుగా." అని ఆయన తల, కాళ్ళు లోపలికి ముడుచుకుని సొంతింట్లో నిద్రపోయారు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. భూషణంగారు ఈసురోమంటూ గుహకి తిరిగొచ్చేసరికి కొండమీద ఉరిమింది. గుహలో ముత్యాలు నడుం పట్టుకుని గోడకి ఆనుకుంది.

"పిన్నిగారూ, నడుం లాగేస్తోందండీ."

సూరమ్మగారు దగ్గరికొచ్చి వీపు నిమిరారు. "ఇవాళో రేపో అన్నట్టుంది తల్లీ." తర్వాత మొగుడి వైపు తిరిగి, చల్లగా అన్నారు: "చుట్టమై వచ్చిన ఆడకూతురు. పురుడు మనమే పొయ్యాలి. పిల్లలు కళ్ళు తెరిచాక సారె పెట్టాలి. తేనెపట్టు, ఇప్పపువ్వు, పిల్లకో పండ్లగుత్తి. ఈమెకి పెట్టాక గోరింకకి పెట్టకపోతే నలుగురూ నవ్వుతారు. గోరింక కూడా ఇవాళో రేపో గుడ్లు పెట్టేలా ఉంది."

"నాదీ ఆడ ప్రాణమే కదా," అంది ముసలి పునుగుపిల్లి మూల నుంచి. "కనకపోయినా నాకూ పెట్టొచ్చు."

భూషణంగారు మిగిలిన తేనెపట్లు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు. ఒక్క మాట అడిగితే చాలు, 'ఎప్పుడు వెళ్తారు?' అని. ఆ ఒక్క మాటతో గుహ ఖాళీ అయిపోతుంది. కానీ ఆ మాట నాలుక దాటితే ముత్తాతగారి నాటి పరువు కూడా గుహ దాటిపోతుంది. ఇన్నాళ్ళూ అడవంతా తిరిగి డప్పు కొట్టుకున్న పరువు.

ముత్యాలు ఆయన మొహమే చూస్తోంది. పైకి నవ్వుతోంది గానీ లోపల వణికిపోతోంది. ఈ రాతినేల మీద, వాన జల్లు కొట్టే ఈ గుహలో, కళ్ళు తెరవని పిల్లలు ఒక్క రాత్రి కూడా బతకరు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తొర్రకి వెళ్ళమని ఈయనే నోరు తెరవకపోతే తన కథ ఇక్కడితో సరి. తనంతట తను అడిగితే మాత్రం మళ్ళీ అద్దెదారే, మళ్ళీ తొండ వస్తుంది. అందుకని నొప్పి పంటిబిగువున అదిమిపట్టి, "గుహ ఎంత చల్లగా ఉందండీ బాబాయిగారూ, కదలబుద్ధి కావడం లేదు," అంది.

ఇంకో ఉరుము ఉరిమింది. భూషణంగారు తట్టుకోలేకపోయారు.

"అమ్మా, ముత్యాలమ్మా! ఈ రాతి మీద నీకేం సుఖం తల్లీ? పైన నీ తొర్ర ఉంది కదమ్మా!"

"నా తొర్ర ఏమిటి బాబాయిగారూ? మీది కదూ!"

"నీదే అనుకోమ్మా!"

"అమ్మో! ఎలా అనుకుంటానండీ? అనుకుంటే ఖాళీ చెయ్యమన్నారుగా."

"ఎవడన్నాడు? ఖాళీ చెయ్యమనను. ఒట్టు. ఎన్నాళ్ళయినా ఉండు."

"చూడండి, మళ్ళీ 'ఎన్నాళ్ళయినా' అంటున్నారు. చుట్టాన్ని అన్నట్టే ఉంది." ముత్యాలు కళ్ళు మూసుకుని ఒక నొప్పి పోనిచ్చింది. "మాదేముంది, ఇక్కడే మీ నీడన పడి ఉంటాం."

భూషణంగారు రెండు కాళ్ళ మీద లేచి నిలబడ్డారు. ఈసారి ఆవేశంతో కాదు. రెండు చేతులూ జోడించడానికి.

"తల్లీ! అది మీ ఇల్లే అనుకోండి! మీ ఇల్లే! సొంతిల్లే! కాళ్ళు చాపుకోండి, పాటలు పాడుకోండి, గెంతుకోండి! ఇప్పుడిచ్చే అద్దె ఎంతయితే అంతే, పెంచితే మా ముత్తాత మీద ఒట్టు! గోరింకలూ అంతే, పునుగుపిల్లీ అంతే. దయచేసి చుట్టాల్లా మాత్రం ఉండకండమ్మా!"

"సాక్ష్యం?" అంది ముసలి పునుగుపిల్లి.

అందరూ గుమ్మం వైపు చూశారు. తనిఖీకి వచ్చిన తొండ తిరపతి గోడమీద ఉన్నాడు. తలూపాడు. ఎప్పుడూ ఊపే తలే. కానీ సంఘం వేసిన అధికారి ఊపిన తల, కాదనడానికి లేదు.

"మీరు ఇంతగా బతిమాలుతుంటే కాదంటే బాగుండదు," అంది ముత్యాలు, లేస్తూ. లేవలేక సన్యాసి భుజం పట్టుకుంది. "కానీ తొర్ర బోసిగా ఉంది బాబాయిగారూ. సొంతిల్లనుకుందామన్నా అనిపించడం లేదు."

జప్తు చేసిన మూట భూషణంగారే ఎత్తుకున్నారు. చెట్టెక్కి తన చేత్తోనే దూది లోపలికి కుక్కారు. చెయ్యి పట్టకపోయినా వేళ్ళతో తోసి తోసి సర్దారు. గుమ్మంలో రాయి పెట్టారు. తోరణం తగిలించబోతే పాత మొట్టు ఊడి వచ్చేసింది. తొండ లాగినప్పుడు విరిగినట్టుంది.

"కంత పెట్టకూడదన్నారు కదండీ," అంది ముత్యాలు మెల్లిగా. ఆ నొప్పుల్లో కూడా ఆ మాట అనకుండా ఉండలేకపోయింది.

భూషణంగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తర్వాత తన గోటితో, తన చెట్టుకి, తనే కంత పొడిచి తోరణం కట్టారు. గింజలు గలగలమన్నాయి. ముత్యాలు కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇక నటించే ఓపిక లేక, లోపలికి వెళ్ళి దూదిలో పడుకుంది. ఆ వెనకే వాన దిగింది.

పిల్లలు ముగ్గురూ తోరణం చప్పుడు వింటూ, ఒంటిమీద ఒక్క చుక్క పడకుండా పెరిగి, ఒక వాన వెలిసిన పొద్దున కళ్ళు తెరిచారు. సన్యాసి అడవంతా తిరిగి అందరికీ చెప్పొచ్చాడు. ఈసారి నడవలేదు, గెంతుకుంటూనే వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం భూషణంగారు అద్దెపళ్ళ కోసం చెట్టు కిందికి వచ్చారు. ఎప్పుడూ మానుకి వీపు ఆనించి బరబరా రుద్దుకునే మనిషి, ఇవాళ కాస్త దూరంగా నిలబడి, దగ్గి, పైకి చూశారు.

"అమ్మాయ్, రావచ్చా?"

"అయ్యో, అడగాలా బాబాయిగారూ? మా ఇంటికి మీరు రావడమే గొప్ప. కూర్చోండి," అంది ముత్యాలు గుమ్మంలోంచి.

భూషణంగారు ఒక వేరు మీద ఒద్దికగా కూర్చున్నారు. కాళ్ళు ముడుచుకున్నారు. సన్యాసి అద్దెపళ్ళు పక్కన పెట్టి, దొప్పలో పనసతొనలు తెచ్చి, తీసుకోమన్నాడు.

"వద్దయ్యా, ఇప్పుడే తిని వచ్చాను," అన్నారు భూషణంగారు మర్యాదకి.

"సరే అయితే," అంది ముత్యాలు. రెండోసారి అడగలేదు. దొప్ప లోపలికి తీసుకుని, దూదిలో వాలి, కాళ్ళు బారజాపి, తొనలు తను తింటూ పిల్లలకి కూనిరాగం తీసింది. రెండోసారి అడుగుతారేమోనని భూషణంగారు చాలాసేపు అలాగే కూర్చుని, ఎప్పుడు లేవాలో తెలీక, చివరికి ఎవరూ చూడకుండా వెళ్ళిపోయారు.

నీతి: ఇల్లు అద్దెకిచ్చేముందు చారలు లెక్కపెట్టకండి, కాళ్ళు చూసుకోండి, అసలు కాళ్ళే లేనివాళ్ళకి ఇచ్చారంటే చాపుకుంటారన్న బెంగ ఉండదు.